చక్రాలు తడిమే మనిషి

రిటైరయ్యాక మెర్వ్ లోపలే కాపురం ఉండే మోటార్‌హోమ్ బండి కొన్నాడు. ప్రతి రెండొందల కిలోమీటర్లకీ దాన్ని రోడ్డు పక్కకి తీసి, మోకాళ్ల మీద వంగి, చక్రాలన్నీ అరచేత్తో తడిమి చూస్తాడు. ఏదైనా వేడెక్కితే చల్లారేదాకా కదలడు. "నా నుదురు ఎప్పుడైనా అలా తాకి చూశావా?" అంటుంది భార్య నొరీన్ కిటికీలోంచి. "నీకు బేరింగులు లేవు కదే!" అని నవ్వుతాడు.

ఈసారి పెర్త్ ఆసుపత్రిలో నొరీన్ చెల్లెలు ఆఖరి ఘడియల్లో ఉంది. అక్క కోసం కలవరిస్తోంది. ఇద్దరూ బండిలో బయల్దేరారు. దారిలో ఎడారి అంచునున్న సెడూనా ఊరు చేరేసరికి ఇంజన్ ఆయిల్ మార్చే గడువు వచ్చింది. మెకానిక్ రెండు రోజులు ఆగమన్నాడు. "పెర్త్‌లో మార్పిద్దాం మెర్వ్, బతిమాలుతున్నాను" అంది నొరీన్. "ఎడారి మధ్యలో ఇంజను పోతే మీ చెల్లెలొచ్చి తోస్తుందా?" అన్నాడతను. రెండో రోజు మధ్యాహ్నం, బండి ఇంకా జాకీల మీద ఉండగానే ఫోనొచ్చింది. నొరీన్ విని, షెడ్డు బయట సిమెంటు గట్టు మీద కూలబడింది. మెర్వ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. తర్వాత లేచి, లోపలున్న మెకానిక్‌ని కేకేశాడు: "ఇక మాకు తొందరేం లేదు. బ్రేకులు కూడా చూసెయ్."