సత్తయ్య లుంగీలో నేను

నా తప్పు ముందే ఒప్పుకుంటాను. ఒక ఆడమనిషి నేసిన బట్టను ఆమె మొగుడి పేరు మీద రాశాను. ఆ అబద్ధాన్ని కాపాడటానికి ఆ మొగుడి లుంగీ కూడా కట్టుకుని కొంప ముంచుకున్నాను. లుంగీ సంగతికి మీరు నవ్వుకోవచ్చు. మొదటిదానికి నాకే ఇంకా సిగ్గుగా ఉంది.

సూరత్‌లో, భేస్తాన్‌లోని ఒక మరమగ్గాల షెడ్డుకు, నేతగాళ్ల మీద అజమాయిషీ చేసే మాస్టర్‌ని నేను. మావాళ్లు ఆ మగ్గాలను సాంచలంటారు. లాక్‌డౌన్ సడలించాక షెడ్డు తెరిస్తే సాంచలున్నాయి, మనుషుల్లేరు. నేతగాడు సత్తయ్య సొంతూరు సిరిసిల్ల వెళ్లి అక్కడే ఇరుక్కుపోయాడు. అతని భార్య సువర్ణ మా దగ్గర నూలు కండెలు చుట్టేది.

"ఆయన సాంచలు నేను నడుపుత మాస్టరన్నా," అంది.

గతిలేక సరేనన్నాను. రిజిస్టర్‌లో మాత్రం సత్తయ్య పేరే రాశాను. ఆడవాళ్ల పేరు కండెల దగ్గర ఉండాలి గానీ సాంచ మీద ఎలా ఉంటుందని నా మహాజ్ఞానం.

ఆమె నేతలో ఒక్క పోగు తప్పేది కాదు. అయినా రోజూ "మంచిగనే ఉందా అన్నా?" అని అడిగేది. నేను పెళ్లిచూపులకొచ్చిన మేనమామలా ముఖం ముడిచి "ఏదో, నడుస్తదిలే" అనేవాడిని. కొన్నాళ్లకు ఆమె తాను నేసిన బట్టను మళ్లీ మళ్లీ విప్పి తప్పుల కోసం వెతకడం మొదలుపెట్టింది. నేను దాన్ని నా మీద గౌరవమనుకున్నాను. నా తెలివి అంతవరకే పని చేసేది.

ఒక ఉదయం అడాజన్‌లోని ఇంటి నుంచి షెడ్డు యజమాని శేఠ్ వీడియో కాల్ చేశారు.

"అరే భాయ్, ఈ సత్తయ్య బట్ట బాగుంది. కొత్త షెడ్డుకు అతన్నే పెద్ద కారీగర్‌ని చేస్తాను, అక్కడి నేతగాళ్లంతా అతని కిందే. పది నిమిషాల్లో మళ్లీ చేస్తా, అతను నేస్తుంటే చూపించు."

పక్కనే ఉన్న సువర్ణ విన్నది. ఫోన్ పెట్టేయగానే అంది: "నేనే నేసిన్నని చెప్పుర్రి అన్నా."

"అబద్ధం రాసినవని నన్నే తీసేస్తడు."

"మరి నా సంగతేంది?"

"సత్తయ్యకొస్తే నీకొచ్చినట్టే గద."

"ఆయన తింటే నా కడుపు నిండుతదా?"

నేను గోడవైపు చూశాను. మేకుకు సత్తయ్య వదిలెళ్లిన లుంగీ ఉంది. కట్టుకుని, మాస్కు కళ్లదాకా లాక్కున్నాను. కరోనా దయవల్ల అప్పుడు అందరి ముఖాలూ ఒకటే కదా. కాల్ రాగానే ఫోన్‌ను కండెల బుట్ట మీద నిలబెట్టాను. సువర్ణ చేతులు కట్టుకుని చూస్తోంది.

"నడుపు సత్తయ్యా," అన్నారు శేఠ్.

ఇరవై ఏళ్లుగా సాంచలు నడిపేవాళ్ల మీద అరిచాను గానీ సాంచ నడిపింది లేదు. స్విచ్ నొక్కాను. పోగు మోసే నాడె అటు వెళ్లింది, ఇటు వచ్చింది, మూడోసారి పోగుల మధ్య చిక్కుకుంది. సాంచ ఆగలేదు. పోగులు వందలకొద్దీ తెగాయి. పనిలో పనిగా నా లుంగీ అంచు కూడా బట్టలో కలిసిపోయింది. సువర్ణే పరుగున వచ్చి ఆపింది.

"మాస్టర్‌ని పిలువు," అన్నారు శేఠ్.

సాంచకు కట్టేసిన దూడలా ఉన్నాను. నన్ను నేనెలా పిలుచుకురావాలి? గొంతు మార్చి "మాస్టర్ బయటికెళ్లాడు సాబ్" అన్నాను.

"నీ గొంతు అచ్చం అతనిలాగే ఉందే."

సువర్ణ నా దగ్గరికొచ్చింది. "తెగినయన్నీ నేను అతుకుత. ముందు నిజం చెప్పుర్రి. మీ ముఖం చూసి చూసి, ఈ బట్ట నేనే నేసిన్నా, నిజంగ ఆయనే నేసిండా అని నాకే అనుమానం పట్టింది. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ఇగ చాలు."

నేను ముందు లుంగీ విడిపించుకోబోయాను. ఆమె ఫోన్ తీసుకుని, మాస్కు కిందికి లాగి హిందీలో చెప్పింది:

"శేఠ్, ఇన్ని రోజులు మీరు మెచ్చుకున్నది నా నేత. ఇప్పుడు చూసిందొక్కటే మగవాళ్లది."

నేనూ మాస్కు తీశాను. "నిజమే సాబ్. రిజిస్టర్‌లో అబద్ధం రాసింది నేనే."

శేఠ్ నా ముఖాన్నీ, లుంగీనీ చూశారు. "కొత్త షెడ్డు ఆమెకు. ముందు నిన్ను కత్తిరించి బయటికి తీయమను."

ఆ రోజే రిజిస్టర్‌లో లాక్‌డౌన్ తర్వాతి ప్రతి పేజీలో సత్తయ్య పేరు కొట్టేసి, సువర్ణ పేరు రాసి, కింద నా సంతకం పెట్టాను. తర్వాత కండెలు చుట్టే ఆడవాళ్ల దగ్గరికెళ్లి, నేత ఎవరికొచ్చని అడిగాను. ముగ్గురు చేతులెత్తారు. "ఇన్నేండ్లకు అడగబుద్దయిందా?" అంది ఒకామె. ముగ్గురినీ సాంచల మీద పెట్టాను.

సాంచల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నేసిన మనిషి పేరే రాస్తాను. సాంచ దగ్గరికి ప్యాంటుతోనే వెళ్తాను.