తుండుగుడ్డ కింద కనిపించిన వేళ్ళు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళు సమావేశాల కోసం కొత్త కెమెరా ఒకటి కొన్నారు. హోసూరులో ఉన్నవాళ్ళం కింద హాల్లో కూర్చుంటే, ఇళ్ళు అద్దెకిచ్చి వేరే ఊళ్ళలో ఉంటున్న యజమానులు అక్కడి నుంచే మమ్మల్ని చూస్తూ మాట్లాడవచ్చునట. ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు తనంతట తానే తల తిప్పుతుందట, అబ్బో! కార్యదర్శి గారు ఆ పెట్టె తెచ్చి నా చేతికిచ్చి, "కంపెనీలో ఇదే పని చేసినారు కదమ్మా, యాడ పెడితే బాగుంటుందో మీరే చెప్పండి" అన్నారు. ఆయన అడిగింది చిన్న మాటే. నాకు మాత్రం చెవుల దాకా వేడెక్కింది. నడుం నొప్పిగా ఉందని చెప్పి, పెట్టె ఆయన చేతికే తిరిగిచ్చి పైకి వచ్చేశాను. నాకు నడుం నొప్పి లేదు. కెమెరా సంగతిలో అబద్ధం చెప్పడం నాకు ఇది మొదటిసారీ కాదు.

మా పుట్టిల్లు కృష్ణగిరి. మా అమ్మకు తమ్ముడు, నాకు చిన్న మామ, అక్కడ మామిడికాయల మండీ నడిపేవాడు. మా నాన్న చిన్నప్పుడే పోవడంతో నన్ను చదివించింది ఆయనే. ఆడపిల్లకు కంప్యూటర్ కోర్సు ఎందుకని ఇంట్లో అందరూ ముక్కున వేలేసుకుంటే, "నేర్చుకోనీండప్పా, మీ సొమ్మేం పోతుంది" అని గదమాయించి, స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకుపోయి చేర్పించాడు. ఆ చదువుతోనే నాకు హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో పని దొరికింది. మీటింగు హాలు చూసుకోవడం, గుండ్రటి తల ఉన్న కెమెరాను బల్ల చివర నిలబెట్టడం, వైర్లు కలపడం, దూరపు ఊళ్ళ ఆఫీసులవాళ్ళు తెర మీదికి వచ్చేదాకా "వినిపిస్తోందా సార్, కనిపిస్తోందా సార్" అని అరవడం నా ఉద్యోగం. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అటువైపు మనిషి మొహం తెర మీద కదిలితే చాలు, మనమేదో ఘనకార్యం చేసినట్టుండేది. నేనైతే నేల మీద నడిచేదాన్నే కాదు. ఇంటికి పోయినప్పుడల్లా ఆ గొప్పలే చెప్పి అందరి ప్రాణాలూ తీసేదాన్ని.

ఇక మండీ సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసిన పాపం మీకు అర్థం కాదు. రైతు కాయలు తెచ్చి కుప్ప పోస్తే, కొనేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా మామ ముందు నిలబడేవాళ్ళు. మామ భుజం మీది తుండుగుడ్డ తీసి ఇద్దరి చేతుల మీదా కప్పేవాడు. ఆ గుడ్డ కింద వాళ్ళు ఆయన వేళ్ళు పట్టి నొక్కడమే బేరం. ఎన్ని వేళ్ళు, ఏ వేలు, ఎన్నిసార్లు అన్నదాన్ని బట్టి ధర. ఒకరు ఎంత చెప్పారో ఇంకొకరికి తెలియదు, చుట్టూ ఉన్నవాళ్ళకు అసలే తెలియదు. బేరం కుదిరితే మామ ఆ రైతు చెవిలో ఒక మాట చెప్పి తలాడించేవాడు, అంతే. ముప్ఫై ఏళ్ళు ఆయన చేతిని నమ్మి మండీ నడిచింది.

ఒక ఏడాది సీజనులో, రసం తీసే ఫ్యాక్టరీల తరఫున కొనేవాళ్ళు ఇద్దరు రాలేమన్నారని మామ దిగులు పడుతుంటే, నేనున్నానుగా అని ఎగిరి గంతేశాను. మా మేనేజరును బతిమాలి ఆఫీసు కెమెరా అడిగి తీసుకున్నాను. వాళ్ళిద్దరూ తమ ఊళ్ళ నుంచే కాయలు చూస్తారు, మా మేనేజరు కూడా హోసూరు నుంచి చూస్తానన్నాడు. మామ ఇంటి టీవీని మోయించి మండీ ముందు బల్ల మీద పెట్టించాను. దాని అవసరం ఏమీ లేదు, నా లాప్‌టాప్ చాలు. కానీ అందరూ చూడాలి కదా, ఫలానావారి మేనకోడలు ఏం చేస్తోందో! దూరాన ఉన్నవాళ్ళ మొహాలు మూలకు చిన్నవి చేసి, మా కెమెరాకు కనబడే దృశ్యాన్నే తెరనిండా పెట్టాను.

కెమెరా ఎక్కడ పెట్టాలన్న దగ్గర మామకూ నాకూ మాట వచ్చింది. "పైన పెట్టమ్మా, వాకిలి మీద. ఆడ నుంచి కుప్పంతా అగపడుతుంది" అన్నాడు. అంత ఎత్తు నుంచి కాయల నిగనిగ ఏం తెలుస్తుంది, నీకు తెలియదు ఊరుకో మామా అని కసిరాను. ప్లాస్టిక్ క్రేటు ఒకటి బోర్లించి, మోకాలి ఎత్తులో కుప్పకు ఎదురుగా పెట్టాను. తోతాపురి కాయలు తెర మీద బుట్టలంత కనిపిస్తుంటే మండీ అంతా నోరు తెరుచుకుని చూసింది. మామ నా సంతోషం చూసి నవ్వాడు.

ముందు రెండు బేరాలు వేరే మూల జరిగాయి, ఏమీ కాలేదు. మూడో కుప్ప గురుబరపల్లి నుంచి ఏటా వచ్చే ఒక రైతమ్మది. భర్త పోయాక తోటను ఒంటిచేత్తో చూసుకునే మనిషి, ఎవరినీ ఏదీ అడగదు, ఎవరైనా జాలిగా మాట్లాడితే మొహం తిప్పుకుంటుంది. ఆ ఏడు వడగళ్ళు పడి ఆమె కాయలకు మచ్చలొచ్చాయి. కొనే అతను వచ్చి నిలబడ్డాడు, మామ గుడ్డ కప్పాడు. పై నుంచి చూసేవాళ్ళకు అది గుడ్డే. కింద క్రేటు మీద కూర్చున్న కెమెరాకు మాత్రం గుడ్డ లోపలంతా బట్టబయలు. టీవీ నిండా అరటికాయలంత పెద్దవిగా ఇద్దరి వేళ్ళు.

అతను చాలా తక్కువ ధర నొక్కాడు. మామ అతని అరచేతిలో బొటనవేలితో రెండుసార్లు పొడిచాడు. మండీలో ఆ సైగ తెలియనివాళ్ళు లేరు. ధర మంచి కాయలకిచ్చినట్టే కట్టు, తేడా నా కమీషనులో పట్టుకో అని దాని అర్థం. దూరాన ఉన్నవాళ్ళకు డేటా కార్డు సిగ్నల్ చాలక బొమ్మ ఆగి ఆగి వస్తోంది, వాళ్ళకేమీ తెలియలేదు. చూడకూడని వాళ్ళందరూ చక్కగా చూశారు. ఆ రైతమ్మ కూడా చూసింది.

ఆమె మామ దగ్గరికి వచ్చి, "ఇన్నేండ్లూ నాకు ధర్మం చేస్తా ఉంటివా అన్నా?" అంది. గొంతు పెంచలేదు. ఆమె తన కాయలను తన చేతులతోనే క్రేట్లకెత్తి, బండిలో వేయించుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మండీ గడప తొక్కలేదు.

అప్పుడు లేచింది గోల. ఆమెకొక న్యాయం, మాకొక న్యాయమా అని రైతులు. మా చేతులు ఊరంతటికీ చూపిస్తావా అని కొనేవాళ్ళు. వాళ్ళలో పెద్దాయన ఒకడు కెమెరా దగ్గరికి వచ్చి, "ఎవురప్పా దీన్ని ఈడ పెట్టింది?" అని గట్టిగా అడిగాడు. తెర మూలలో మా మేనేజరు మొహం కనిపిస్తోంది, మైకు తెరిచే ఉంది. కెమెరా ఎక్కడ పెట్టాలో కూడా తెలియని దాన్ననుకుంటాడేమోనన్న భయం ఒక్కటే నాకు ఆ క్షణాన. నా నోరు పడిపోయినా బాగుండేది. "మామే ఈడ పెట్టమన్నాడు" అన్నాను.

మామ నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే ఇన్నేళ్ళు నాకింత బాధ ఉండేది కాదు. "అవునప్పా, నేనే చెప్పినాను" అన్నాడు ఆయన.

ఆ తర్వాత ఆయన చేతిలో చెయ్యి పెట్టడానికి ఎవరూ రాలేదు. వచ్చినా, ధర నోటితోనే చెప్పి పోయేవాళ్ళు. తుండుగుడ్డ భుజం మీద వేసుకుని ఊరికే నిలబడి నిలబడి, మరుసటి ఏడు సీజను సగంలోనే మండీని దాయాదులకు వదిలేశాడు. ఊత్తంగరైలో అత్తయ్య అన్నగారి ఎరువుల అంగడిలో పోయి కూర్చున్నాడు. బేరం మనిషి, మూటలు లెక్కబెట్టుకుంటూ.

ఒకసారి మనసు నిబ్బరం చేసుకుని, కాళ్ళ మీద పడి చెప్పుకుందామని సెలవు పెట్టి ఊత్తంగరై బస్సెక్కాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. గడపలో అడుగు పెట్టీ పెట్టకముందే ఆయన, "భోంచేసినావామ్మా? మొహం వాడిపోయింది" అన్నాడు. అత్తయ్య ఆకు వేసింది. తిన్నాను, సిగ్గు లేకుండా రెండోసారి చారు కూడా అడిగి పోయించుకుని తిన్నాను. మా మేనేజరు నన్ను మెచ్చుకుంటున్నాడా అని ఆయన అడిగితే, మెచ్చుకుంటున్నాడని చెప్పాను. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాను. ఇంకోసారి చెప్పవచ్చులే అనుకున్నాను. ఆ ఇంకోసారి రాకుండానే ఆయన పోయాడు.

ఇప్పుడు మండీలో ధరలు పైకే పాడుతున్నారు, ఫోనులో కూడా వస్తున్నాయట. అంతా బహిరంగం. రైతుకు మేలే, నేను కాదనను. గుడ్డ చాటున మోసాలు జరగలేదని కూడా అనను. కానీ ఒక మనిషి పరువు పోకుండా ఆ మనిషికి సాయం చేయడానికి అప్పట్లో కాస్త చాటు ఉండేది. ఇప్పుడు సాయం చేసేవాళ్ళు ఫోటో తీయించుకుని మరీ చేస్తున్నారు.

నేను కృష్ణగిరి పోయినప్పుడు మా మామ పేరు వస్తే, "కెమెరా పెట్టించి అందరి మానం తీసినాడు" అని ఇప్పటికీ అంటారు. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ వింటాను. ఆ రోజు మండీలో ఉన్నవాళ్ళు, నా ఈడువాళ్ళు, కొందరు ఇంకా ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, అయ్యా, అమ్మా, ఒక్క మాట. మా మామ ఆ కెమెరాను పైన, వాకిలి మీద పెట్టమన్నాడు. కింద పెట్టింది నేను.