ఒట్టి బాట మీద హారను

ఇన్సులిన్ సీసా మూత తీయగానే వచ్చే ఘాటు వాసన ఈ వయసులోనూ నన్ను ప్రొద్దుటూరులోని మందుల గోదాములో నిలబెడుతుంది. పత్రికలో చేరకముందు అక్కడ పనిచేశాను. మేనేజరు గ్రేసమ్మ. జమ్మలమడుగు, పులివెందుల వైపు దుకాణాలకు మందులు పంపడం మా పని. ఎక్కువ సరుకు అడిగే దుకాణాల గురించి ఆమెకు దిగులుండేది కాదు. ఏమీ అడగని దుకాణాన్ని చూస్తేనే ఆమెకు కలవరం.

ఒక ఉదయం ఆమె కంప్యూటరు ముందు ఆగిపోయింది. సింహాద్రిపురం అవతల ఓ పల్లె దుకాణంలో ఇన్సులిన్ నిండుగా ఉన్నట్టు కనిపిస్తోంది. అందుకే కొన్ని వారాలుగా అటు బండి పోలేదు.

"ఇంత సరుకుండి ఒక్క సీసా అమ్ముడుపోలేదంటే, ఆ ఊర్లో మనుషులుండారా అప్పా?" అంది నాతో.

బెంగళూరులో పెరిగి కొత్తగా చేరిన గుమాస్తా తలెత్తాడు. "అంగడాయనే ఫోన్ చేసి ఇన్సులిన్ నిండుకుందన్నాడు మేడం. నిండుగా ఉందని కంప్యూటర్లో ఎక్కించినాను."

అంగట్లో కూర్చుని 'లేదు' అనడం అశుభమని, అయిపోయినదాన్ని నిండుకుందనే పాతకాలపు మనిషి ఆయన. గ్రేసమ్మ వెంటనే ఫోన్ చేసింది. అవతల ఎత్తారు. మాట లేదు. ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది. ఆమె ఐసుపెట్టె సర్దించి, నన్ను వెంటబెట్టుకుని బండెక్కింది.

దుకాణం తెరిచే ఉంది. అరల నిండా మందుల పెట్టెలు వరుసగా పేర్చి ఉన్నాయి. గ్రేసమ్మ ఒకటి తీసింది. ఖాళీ. పక్కది తీసింది. అదీ ఖాళీనే. పెద్దాయన లేవకుండా మమ్మల్నే చూస్తున్నాడు.

"ఈసారి నిజంగానే వచ్చినారా?" అన్నాడు. "రోజూ పొద్దుగూకేటప్పుడు మీ బండి హారను ఇనపడతాంది. బయటికొస్తే ఒట్టి బాట."

"ఇంకోసారి ఫోన్ చేయకపోతివే మామా?"

"హారను ఇనపడతాంటే ఎందుకు చేయాలమ్మా, వస్తాండారు గదా. అందాక మా యామెకు సగం సగం మందే పొడుస్తాంటి. నిన్నటితో అదీ నిండుకునింది."

లోపలి గదిలో ఆయన భార్య మంచం మీద కళ్లు తెరిచే ఉంది. ఫోను చెవి పక్కనే ఉంది. పిలిస్తే పలకలేదు.

మా బండిలోనే ఆమెను పులివెందుల ఆస్పత్రికి చేర్చాం. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాక వరండాలో కూర్చున్నాం. పెద్దాయనది భ్రమ అన్నాను.

"భ్రమ యాడిదప్పా," అంది గ్రేసమ్మ. "వారం వారం వస్తామని మాటిచ్చింది మనం. ఆయప్ప ఇన్నది ఆ మాటనే."

సరుకు గోదాము దాటడంతో పని అయిపోదని, అందుకోవలసిన చేతి దగ్గరే దాని లెక్క తేలుతుందని ఆ వరండాలో తెలిసింది. ఎవరైనా 'పంపేశాం' అంటే, ఎవరి చేతికిచ్చారని నేటికీ అడుగుతాను. జవాబు ఆలస్యమైతే, అవతల ఎవరో కళ్లు తెరుచుకుని పడుకుని ఉన్నట్టే అనిపిస్తుంది.