మెట్టెలూ మంచు బూట్లూ

పోయిన ఆదివారం, మేముంటున్న ఈ దీవి దేశంలో చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాట్‌కి ఒక అట్టపెట్టె వచ్చింది. సెలవుల్లో మంచుకొండలు ఎక్కుతానని మా అమ్మాయి తెప్పించుకున్న స్కీ బూట్లవి. చెప్పుల్లా తేలిక, పైగా పాదం వెడల్పున్నవాళ్ళ కోసమే చేసినవట. "అమ్మా, నీదీ నాదీ సేమ్ ఫీట్ కదా, జస్ట్ ట్రై లా" అని ఇక్కడివాళ్ళ యాసలో అంటూ ఒకటి నా ముందు పెట్టింది. పాదం పెట్టాను, సునాయాసంగా దిగిపోయింది. నాకు దుఃఖం ముంచుకొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వై టూ కే గండం గడిచి, ఏ ట్రెయిన్ ఎక్కినా మెడలో ఆఫీసు కార్డుతో మనవాళ్ళు కనిపించే రోజులవి, మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సైన్స్ పార్క్‌లోని మా ఆఫీసులో మంచు లోతు కొలిచే యంత్రానికి సాఫ్ట్‌వేర్ రాసింది నేను. దాన్ని ఆస్ట్రియాలో ఒక కొండమీది గదిలో బిగించాలి, ఆ గదికి దారీ లేదు, లిఫ్టూ లేదు, స్కీలు కట్టుకుని కాళ్ళతోనే ఎక్కాలి. వారం ముందొస్తే ఎక్కడం నేర్పుతామనీ, బూట్లు మాత్రం ఎవరి కాలికి తగ్గవి వాళ్ళే తెచ్చుకోవాలనీ, బరువైతే ఎక్కలేరనీ అక్కడివాళ్ళు ఉత్తరం రాశారు. పది రోజుల్లో బూట్లు దొరక్కపోతే పక్క సీటాయన్ని పంపిస్తానన్నాడు మా మేనేజరు. రెండేళ్ళు నేను కళ్ళు పోయేలా రాసినదాన్ని ఆయన వెళ్ళి బిగించి రావడమా! నాకు ఒళ్ళు మండిపోయింది.

చిన్నప్పుడు నన్ను చేటకాళ్ళదానా అని ఏడిపించేవారు. మంచే పడని ఊళ్ళో ఆ చేటకాళ్ళకు మంచు బూట్లు వెతుకుతూ నేనూ మా ఆయనా తిరగని దుకాణం లేదు. తేలికైనవి ఇరుకు, వెడల్పైనవి ఇనపగుండ్లు. ఎనిమిదో రోజున జురాంగ్ ఈస్ట్‌లో చలిబట్టలమ్మే చీనా అంకుల్ ఒక తేలికపాటి జత తీసి, నా పాదం చూసి "అయ్యో, సో బ్రాడ్ లా" అని నవ్వి, వేడిగాలితో ప్లాస్టిక్ మెత్తబరిచి పక్కలు సాగదీసి ఇచ్చాడు. పక్కలు సరిపోయాయి గానీ రెండో వేలి మీద మాత్రం నొక్కుతూనే ఉంది. ఎందుకో నాకు తెలుసు. పెద్దాయన నా పాదం పట్టుకుంటాడన్న మొహమాటంతో మేజోళ్ళు విప్పలేదు, వాటి కింద నా మెట్టెలున్నాయని చెప్పనూ లేదు.

"తీసెయ్యవే తల్లీ, నేనేమన్నా నీ వెండి మీద బతుకుతున్నానా?" అన్నారు మా ఆయన ఇంటికొచ్చాక. పెళ్ళయి ఏడాది తిరగలేదు, అవేం మాటలని కసిరి, ఆ బూట్లతోనే విమానమెక్కాను.

కొండ సగం ఎక్కేసరికి కుడికాలి వేలు మంట పెట్టింది, ఇంకాసేపటికి మంట కూడా తెలియడం మానేసింది. చెబితే వెనక్కి పంపేస్తారని పళ్ళు బిగబట్టి ఎక్కాను. పైన గదిలో, నేను కుంటడం కనిపెట్టిన గైడు, మా అమ్మ వయసావిడ, గదమాయించి బూటు విప్పించింది. వేలు నేరేడు పండులా కమిలి, మెట్టె కనపడకుండా వాచింది. తీస్తావా, వేలు పోగొట్టుకుంటావా అని ముక్కలు ముక్కల ఇంగ్లీషులో అడిగింది. నాకు వేలి కంటే మా ఆయన ముఖమే కళ్ళముందు మెదిలింది. ఆవిడ ఇచ్చిన వెన్న రాసి, చుట్లు విప్పి, రెండు కాళ్ళవీ తీసి రుమాల్లో ముడేసుకున్నాను. యంత్రం బిగించాను, అది పనిచేసింది కూడా, నాకు ఒక్క రవ్వ సంతోషం లేదు.

కిందికి దిగగానే బసలో ఫోను అందుకున్నాను. ఇంట్లో మోగి మోగి ఆగిపోయింది. ఆయన ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ ఇంటికి, మళ్ళీ ఆఫీసుకు. ఎంత పని చేశానురా దేవుడా అని ఏడుస్తూ అరగంట ఆ ఫోను దగ్గరే కూలబడ్డాను. చివరికి ఇంట్లో ఆయనే ఎత్తారు. "మకాన్‌కి వెళ్ళానోయ్, భోజనానికి, కింద హాకర్ సెంటర్‌కి. ఏమయింది, ఏడుస్తున్నావా?" సంగతి చెప్పాక ఎంతసేపు నవ్వారో! నేను తిరిగొచ్చాక నా కాలి వేలికి తనే మందు రాసి, వాపు తగ్గాక తనే మెట్టెలు తొడిగారు.

ఆ తరవాత ఏళ్ళ తరబడి ఒక్క రోజు కూడా నేను వాటిని తీయలేదు. స్నానంలోనూ తీయలేదు, పురిటిలోనూ తీయలేదు. రెండేళ్ళ క్రితం ఆయన ఆసుపత్రిలో కన్నుమూసిన ఉదయం కూడా అవి నా కాళ్ళకే ఉన్నాయి.

ఇప్పుడు బూట్లూ మారాయి, వెతుకులాటా లేదు, ఎంత వెడల్పు కావాలంటే అంత వెడల్పువి ఇంటికే వస్తాయి. వంటింట్లో నిలబడి మెట్టె లేని నా వేలి మీద పాత మచ్చను చూసుకున్నాను. నేను తీసేసిన రోజున ఆయన హాయిగా హాకర్ సెంటర్‌లో భోంచేస్తున్నారు. బయటినుంచి మా అమ్మాయి, సరిపోయాయా అమ్మా అని అడుగుతోంది. సరిపోయాయనే చెప్పాను.