చల్లనీళ్ళ పేజీ

మెట్లు ఎక్కుతుండగానే వినిపిస్తుంది. ముందు కాగితాల చప్పుడు, ఎండుటాకుల మీద చినుకులు పడుతున్నట్టు, తొందర లేకుండా. దాని మధ్యలోంచి ఒక గొంతు. పెద్ద గొంతేం కాదు. కాస్త బొంగురు, వాక్యం చివరికొచ్చేసరికి మెత్తన. ఆ గొంతు ఆగితే కాగితాలూ ఆగుతాయి, అది కదిలితే అవీ కదులుతాయి. తలుపు తోస్తే పొడవాటి బల్లకి అటూ ఇటూ ఆడవాళ్ళు, కిటికీ పక్కన ఎత్తు కుర్చీలో ఆమె. పుస్తకాలు కట్టే ఆ కార్ఖానాలో అందరికీ ఆమె చదువులక్క. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే ఒక క్షణం ఆలస్యంగా పలుకుతుంది.

ప్రెస్సు నుంచి అచ్చయిన పెద్ద కాగితాలు కట్టలుగా వస్తాయి. వాటిని ఫారాలంటారు. మడిచి, వరుసలో పేర్చి, కుట్టి, జిగురు పూసి, అట్ట తొడిగితే పుస్తకం. మడిచేటప్పుడు ఒక్కొక్కరి చేతికీ ఒక్కో ఫారమే వస్తుంది. అందుకని ఒకామెకి కథలో పెళ్ళి ఒక్కటే తెలుస్తుంది, పక్కామెకి చావు ఒక్కటే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి ఆ గదిలో కథలు అలా ముక్కలుగానే చేతులు మారాయి.

చేరిన కొత్తలో చదువులక్క మడతల్లో అందరికన్నా వెనకబడేది. కాగితం మీద ఉన్నది చదవకుండా మడవడం ఆమె వల్ల కాలేదు. చేతులు ఆగేవి, పెదవులు కదిలేవి.

"మడవమంటే నమిలేస్తున్నావేంటమ్మా కాగితాన్ని?" అని మేస్త్రీ విసుక్కున్నాడు.

కుట్టు దగ్గర కూర్చునే పిన్ని సూది మీంచి చూపు తిప్పకుండానే తీర్పు చెప్పేసింది. "అమ్మాయ్, నువ్వెలాగూ ఆగేదానివి కావు. ఆ గొణుగుడేదో గట్టిగా గొణుగు, మేమూ వింటాం. నీ వాటా తలా కాస్త మడుస్తాంలే."

అదే ఆ గదికి పద్ధతైపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె ఫారాలన్నీ వరుసగా పెట్టుకుని చదివేది, ఆమె మడతలు మిగతావాళ్ళు పంచుకునేవాళ్ళు. ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే. ఒక్క మాట కూడా మార్చకూడదు. బాగోలేని వాక్యాన్ని బాగోలేనట్టే చదివేది. ఏడుపు ఘట్టం వస్తే బల్ల ఈ చివర మొదలైన ముక్కు చీదుడు ఆ చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేది. నవ్వు పుడితే ఇంక ఎవరి చేతిలోనూ కాగితం నిలిచేది కాదు. కింద గదిలో లెక్కలు చూసుకునే యజమానికి పైకప్పు చప్పుడును బట్టి కథ ఎంతదాకా వచ్చిందో తెలిసిపోయేది.

అలాంటి రోజుల్లో ఒక నవల వచ్చింది. రేవు పక్కన ఒక సందు. అందులో బట్టలుతికే ఒక అమ్మాయి. ఒకరోజు ఆమె మణికట్టు దగ్గర దురద మొదలవుతుంది. గీరుకుంటున్న ఆమెను చూసిన ప్రతి ఒక్కరికీ అదే చోట దురద. రచయిత ఎవరో గానీ గట్టివాడు. ఆ దురదని చర్మం కింద నడిచే చిన్న వేడి కాళ్ళలా రాశాడు.

రెండో మధ్యాహ్నానికే జిగురు పూసే వదిన మణికట్టు గోక్కుంది. "ఈ జిగురులో ఏదో కలిపారే," అంది. కొత్త జిగురు కాచారు. మర్నాడు పిన్ని. ఆమె జిగురు ముట్టుకోదు. తర్వాత పక్కామె, ఆ పక్కామె. ఫారాల మీద గోళ్ళ గీతలు పడ్డాయి, మడతలు వంకర తిరిగాయి. మేస్త్రీ కాగితాల్లో పురుగుందని మందు కొట్టించాడు. మందు కొట్టిన మనిషి కూడా గోక్కుంటూ మెట్లు దిగాడు.

డాక్టరు వచ్చి అందరి చేతులూ కళ్ళద్దాల్లోంచి చూశాడు. దద్దుర్లు లేవు, పొక్కుల్లేవు.

"అంటే మేం నాటకాలాడుతున్నామా బాబూ?" అని వదిన కస్సుమంది.

"లేదమ్మా, దురద నిజంగానే ఉంది," అన్నాడాయన నెమ్మదిగా. "కాకపోతే చర్మాన్నుంచి చర్మానికి రాలేదు. ఎదుటివాళ్ళు ఆవలిస్తే మనకీ నోరు తెరుచుకుంటుంది చూడండి. ఇదీ ఆ కోవలోదే. చూస్తే వస్తుంది, వింటే వస్తుంది." అంటూనే తన మణికట్టు గోక్కున్నాడు. చూసుకుని, సిగ్గుపడి, పెద్దగా నవ్వేశాడు. అందరూ నవ్వారు. నవ్వుతూ గోక్కున్నారు.

యజమానికి మాత్రం నవ్వు రాలేదు. ఆ కార్ఖానాలో కట్టిన పుస్తకాలకి అంటురోగం ఉందట అని ఊళ్ళో మాట పుట్టేసింది. "వింటే వస్తుందన్నాడుగా? అయితే వినడం ఆపండి," అని చదువు ఆపించాడు.

గది మూగబోయింది. చీమ చిటుక్కుమన్నా వినిపించే ఆ నిశ్శబ్దంలో ఇప్పుడు ఒకటే చప్పుడు, గోళ్ళ కింద చర్మం. అంతకుముందు కథలో ఉన్న దురద కనీసం కాసేపు ఆ అమ్మాయి పెళ్ళి కోసమో, రేవులో ఓడల కోసమో పక్కకి తప్పుకునేది. ఇప్పుడు తప్పుకోవడానికి దానికి చోటే లేదు.

చదువులక్క ఇంటి దగ్గర భర్తకి ఆ కథంతా చెప్పింది. ఆయన రొట్టెల బండి నడుపుతాడు. సగం విన్నాడో లేదో రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. "ఆపవే తల్లీ! పొద్దున్నే స్టీరింగు పట్టుకోవాలి నేను."

"మీకూ వచ్చిందా?"

"రాకేం? ఇంత బాగా చెబితే రాకేం?" గోక్కుంటూ ఆయనే అడిగాడు. "చివరికి ఏమవుతుంది ఆ పిల్లకి?"

ఆ ప్రశ్న ఆమెలో దీపంలా వెలిగింది. మర్నాడు నేరుగా యజమాని ఎదుట నిలబడింది. "సార్, కథ సగంలో ఆగింది. దురదా సగంలోనే ఆగింది. అది ఎలా పోయిందో వినకుండా మా ఒంట్లోంచి ఎలా పోతుంది? చివరి ఫారం ఇంకా ప్రెస్సులోనే ఉంది. వచ్చాక ఒక్కసారి చదవనివ్వండి."

ఆయన చాలాసేపు పెన్నుతో మణికట్టు రుద్దుకున్నాడు. "ఒక్క మధ్యాహ్నం. తగ్గిందా, సరే. తగ్గకపోతే ఈ గదిలో ఇంకెప్పుడూ చదువన్న మాట వినపడకూడదు."

చివరి ఫారం వచ్చిన రోజు ఆమె భోజనం పక్కన పెట్టి మెట్ల మీద కూర్చుని ముందుగా చదువుకుంది. కథ చివర్లో కూడా దురద పోలేదు. సందు నుంచి ఊరికి, ఊరి నుంచి ఓడలకి పాకింది. ఆఖరి వాక్యంలో ఓడ ఎక్కినవాడు ఒడ్డువైపు చెయ్యూపబోయి, ఊపకుండా గోక్కుంటాడు. గొప్ప ముగింపు. అలాంటిది రాయగలిగినవాడికి దణ్ణం పెట్టాలనిపించింది. దాన్ని చించిపారేయాలనీ అనిపించింది.

ఎత్తు కుర్చీ ఎక్కింది. బల్ల చుట్టూ ఎర్రబడ్డ మణికట్లు. తన గొంతు తప్ప ఇంకేమీ అడగని ముఖాలు. చివరి పుటల దాకా ఉన్నది ఉన్నట్టే చదివింది. గోళ్ళ చప్పుడు పెరిగింది. అప్పుడు, ఇన్నాళ్ళూ తప్పించుకున్న ఆమె మణికట్టులో కూడా, ఎవరో అగ్గిపుల్ల గీసినట్టు, దురద పుట్టింది. ఫారం రెండు చేతులా పట్టుకుని ఉంది. గోక్కోవడానికి లేదు. కళ్ళు అక్షరాల మీదే ఉంచి, అక్కడ లేని మాట అనేసింది.

"ఆ సాయంత్రం ఆ అమ్మాయి నీళ్ళ తొట్టి పక్కన కూర్చుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. రెండు చేతులూ ముంచింది. మొదట నీళ్ళలో కూడా దురద ఉంది. తర్వాత నీళ్ళలో చేతులు మాత్రమే ఉన్నాయి. తర్వాత నీళ్ళు మాత్రమే ఉన్నాయి..."

ఎంతసేపు చదివిందో ఆమెకి తెలీదు. పుట తిప్పాల్సినచోట తిప్పింది. తొట్టిలో ఆకాశం రంగు మారింది, పక్కింటివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేతులు ముంచారు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆమె మణికట్టులో మంట ఎప్పుడు ఆరిందో ఆమె చూసుకోలేదు. ఆగి తలెత్తితే చేతులన్నీ బల్ల మీద, నిద్రపోతున్న పిట్టల్లా పడున్నాయి. గుమ్మంలో యజమాని. ఆయన చేతులు జేబుల్లో కదలకుండా ఉన్నాయి. కిందికి దిగిపోయాడు. మర్నాడు ఎత్తు కుర్చీ వదులు కాలికి మేకు కొట్టించాడు. అదే ఆయన ఒప్పుకోలు.

అసలు భయం తర్వాత మొదలైంది. ఆ ఫారం మడవడానికి వదిన చేతికే వెళ్ళింది. వదినకి అక్షరాలు వచ్చు, నోరూ వచ్చు. ఆ నోరు కిందిదాకా వినిపిస్తే కుర్చీకి ఎన్ని మేకులు కొట్టినా నిలవదు. వదిన ఫారాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. లేచి కిటికీ దగ్గరికొచ్చింది.

"ఇందులో తొట్టి లేదే."

"లేదు వదినా."

"చల్లనీళ్ళూ లేవు."

"లేవు."

వదిన తన మణికట్టు వైపు చూసుకుంది. "దొంగమొహమా," అంది. "ఆ పక్కింటివాళ్ళు వచ్చే చోటు మళ్ళీ ఒకసారి చెప్పు. నాకు సరిగ్గా వినపడలేదు."

ఆ ఫారం తర్వాత పిన్ని సూది కిందికీ వెళ్ళింది, ఇంకా చాలా చేతుల్లోకీ వెళ్ళింది. ఎవరూ కిక్కురుమనలేదు. పుస్తకం మాత్రం రచయిత రాసినట్టే బయటికెళ్ళింది. ఆ తర్వాత చదువులక్క ఏ పుస్తకంలోనూ మాట మార్చలేదు. కానీ గదిలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే, మనసు బాగోలేకపోతే, "అక్కా, తొట్టి దగ్గరికి పోదాం," అంటారు. ఆమె కాగితం లేకుండా ఆ పేజీ చదువుతుంది. ప్రతిసారీ కాస్త మారుతుంది, ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు ఆమె జుట్టు సగం తెల్లబడింది. కళ్ళద్దాలు వచ్చాయి, గొంతు ఇంకాస్త బొంగురు పోయింది. తన గురించి రాస్తానంటే ముందు నవ్వింది, తర్వాత ఒప్పుకుంది. అంతా చెప్పాక గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. మెట్లు దిగబోతుంటే వెనక నుంచి పిలిచింది.

"ఇదుగో, రాసేటప్పుడు దురద దగ్గర ఆపెయ్యకు. అవతల ఎవరో ఒకళ్ళు చదువుతూ ఉంటారు కదా పాపం. చల్లనీళ్ళ దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, అక్కడ వదిలిపెట్టు."