తుడిస్తే పోని గాటు

ఉదయం ఆరూ నలభైకి పెద్దనాయన మా గేటు తీశాడు. నాయన పోయి అప్పటికి పది రోజులు. పెద్దనాయన చేతిలో స్టూడియోవాళ్లు బాగుచేసిచ్చిన ఫోటో ఉంది. అందులో నాయన మొహం నున్నగా, తెల్లగా ఉంది. కనుబొమ మీది గాటు లేదు.

"రేపు కర్మానికి బొగ్గుతో పెద్ద బొమ్మ గీయి పాపా. శానామంది వస్తాండారు. ఇట్లనే ఉండల్ల, గాటు వద్దు."

"గాటు లేకుంటే నాయన మాదిరి ఉంటాడా?"

"సచ్చిపోయినోనికి గాయమెందుకు మే?"

ఆ గాయం చేసింది ఆయనే. బోరు నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి తమ్ముడి మీద రాయి విసిరాడు. పద్నాలుగేళ్ల నేను గట్టు మీద నిలబడి చూశాను. నాయన ఆస్పత్రిలో బండి మీద నుంచి పడ్డానని చెప్పాడు. పోయేదాకా అదే చెప్పాడు. నన్నూ అదే చెప్పమన్నాడు. చెప్పాను.

సరే, గీస్తానన్నాను.

ముందు కాగితాన్ని పాత పేపర్ల మీద పరిచి, మొద్దు మేకుతో కనుబొమ నుంచి కణత దాకా ఒక గీత నొక్కాను. కాగితం గుంటపడింది. దాని చుట్టూ నాయన మొహం గీశాను. నాయన బేతంచెర్లలో నాపరాళ్లు కోసేవాడు. ఆయన తెచ్చిన బండ ఒకటి పెరట్లో ఉంది. దాని గరుకువైపు కాగితం పెట్టి బొగ్గును అడ్డంగా పట్టి రుద్దితే, రాతి గరుకు చెంపల మీదికి వచ్చింది. ఎండలో బతికిన మొహం వచ్చింది. గుంటలోకి బొగ్గు దిగలేదు. గాటు తెల్లగా మిగిలింది.

మర్నాడు బంధువులందరి ముందూ పెద్దనాయన బొమ్మ చూశాడు.

"వద్దంటి కదా! తుడుపు."

రబ్బరు ఆయన చేతిలో పెట్టాను. "నువ్వే తుడువు పెద్దనాయనా."

తుడిచాడు. చుట్టూ ఉన్న బొగ్గు లేచిపోయింది. ఆ పొడి గుంటలోకి దిగి తెల్లగీత నల్లబడింది. ఇంకా గట్టిగా రుద్దాడు. ఇంకా నల్లబడింది.

మంచం మీద కూర్చున్న నాయన మేనత్త అడిగింది: "ఏమప్పా, బండి మీంచి పడిన గాటే కదా? అంత సెమటలు పట్టేట్టు తుడుస్తాండావే?"

ఎవరో నవ్వబోయి ఆగారు. పెద్దనాయన నల్లబడిన వేళ్లు పంచెకు తుడుచుకుని, విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

బతికుంటే నాయన దీనికి ఒప్పుకునేవాడు కాదు. తెలిసే చేశాను. పెద్దనాయన మీద ఇప్పటికీ జాలి లేదు.

నాయన బండి మీద నుంచి పడ్డాడని మా ఊళ్లో ఇప్పుడెవరూ చెప్పడం లేదు.