బ్యారన్‌లో కరిగించిన కేజీన్నర

మా కాలేజీ వెనక రేకుల షెడ్డులో ఒక బార్, తుప్పు పట్టిన ప్లేట్లు, కింద పరిచిన గోనెపట్టాలు ఉండేవి. తొంభైల చివర్లో అదే మా జిమ్. నలుగురం ఆడపిల్లలం. చెయ్యి జారకుండా రాసుకునే తెల్లపొడి ఎక్కడ దొరుకుతుందో తెలియక ఇళ్లలోంచి ముగ్గుపిండి పట్టుకొచ్చేవాళ్లం. బార్ కిందపడ్డ చప్పుడు వింటే చాలు, ఎత్తింది ఎవరో కళ్లు మూసుకుని చెప్పేసేదాన్ని. అంత హాయైన రోజులు నాకు మళ్లీ రాలేదు.

డిగ్రీ ఆఖరి ఏడు గుంటూరులో కాలేజీల వెయిట్‌లిఫ్టింగ్ పోటీ పెట్టారు. ఒక్కో బరువు తరగతికి ఒకరినే యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటారు. నాకదే చివరి అవకాశం. నా బరువేమో యాభై నాలుగున్నర. యాభై మూడు దాటితే యాభై ఎనిమిది కేజీల తరగతిలో ఎత్తాలి. అక్కడ చీరాల నుంచి వచ్చే ఒక పిల్లంటే నాకు హడల్.

"పై తరగతిలోనే ఎత్తమ్మా. కడుపునిండా తిని ఎత్తు. ఓడినా బలంతో ఓడతావు" అన్నారు మా పీడీ గారు.

ఓడినా అట! ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది.

పర్చూరు దగ్గర మా ఊళ్లో నాన్న పొగాకు బ్యారన్‌లకి మంట పెట్టేవాడు. పచ్చి ఆకుని వేడికి పండబెట్టే ఎత్తైన గది అది. లోపల నేలమీద ఇనుప గొట్టాలు, బయట పొయ్యి. ఆకు దింపాక ఒక పూట ఖాళీగా ఉంటుందని నాకు తెలుసు. పోటీకి ముందురోజు మధ్యాహ్నం, నన్నందులో కూర్చోబెట్టి వేడి పెట్టమన్నాను.

"మతిపోయిందా అమ్మాయ్?"

"ఇంత ఆకు బరువు దించుతావు, కూతురి కేజీన్నర దించలేవా?"

చుట్టుపక్కల ఊళ్లలో తనంత బాగా మంట పెట్టేవాడు లేడని ఆయనకి లోలోపల గర్వం. సరిగ్గా దాన్నే గిల్లాను.

రెండు స్వెట్టర్లు వేసుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. ఆయన కట్టె తరవాత కట్టె పెట్టి నెమ్మదిగా మంట పెంచాడు. థర్మామీటర్ చూసుకునే చిన్న గాజు కిటికీకి ముఖం ఆనించి, "ఏమ్మా, ఉన్నావా?" అని అరుస్తూనే ఉన్నాడు. ఇంకా పెంచమని నేను. గోడలకి పట్టిన పొగాకు ఘాటుకి నాలుక పిడచగట్టింది. నీళ్లిస్తానంటే తిట్టాను. ఆయన మూడుసార్లు తలుపు తీశాడు. మూడుసార్లూ మూయించాను.

మర్నాడు గుంటూరులో తూకం ముల్లు యాభై మూడు దగ్గర ఆగింది. పోటీ గెలిచేసినట్టే నాన్న నవ్వాడు.

ముందు స్నాచ్. నేలమీది బార్‌ని ఒక్క ఊపులో తలపైకి లేపి నిలబడాలి. మూడు ప్రయత్నాలు, మూడూ పోతే ఇంటికే. యాభై కేజీలు పెట్టమన్నాను. షెడ్డులో అది నాకు లెక్కలోకి రాని బరువు. మొదటిసారి బార్ మోకాళ్లు దాటింది, అక్కడితో సరి. రెండోసారి తలపైకి వెళ్లి వెనక్కి పడింది. మూడోసారి పిక్క పట్టేసి నేనే కూలబడ్డాను. నా తరగతిలో గెలిచిన పిల్ల ఎత్తింది నలభై ఐదే.

తిరుగు బస్సులో నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చిలకలూరిపేట దాటాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆకు పండినాక తలుపులు బార్లా తీసి పెడతానమ్మాయ్. గాలికి చెమ్మ తీసుకుని మెత్తబడిందాకా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వను. ఎండినదాన్ని ముట్టుకుంటే పొడైపోద్ది. ఇన్నేళ్ల పని, నాకా సంగతి తెలవదా? ఆకుని చూసుకున్నట్టు నిన్ను చూసుకోలేకపోయా. తప్పు నాదే."

ఆలోచన నాది. మంట పెంచమన్నది నేను. తలుపు మూయించింది నేను. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ కోపం నిండా ఉంది, తప్పు ఎవరో ఒకరిది కావాలి, అది నాది కాకూడదు. ఊరుకున్నాను.

ఆ తరవాత ఎవరు నా పోటీ సంగతి అడిగినా, "నా వల్లే పోయిందండీ" అని నాన్నే చెప్పేవాడు. చనిపోయేదాకా అలాగే చెప్పాడు. నేను పక్కనే కూర్చుని విన్నాను.